మేడ మీద ఎండ, మీటరులో శ్లాబు

మీర్‌పేట్, జిల్లెలగూడ, నాదర్‌గుల్ దారిలోని కాలనీలన్నిటి మీదా పడే ఎండ ఒక్కటే. మేడ మీద సోలార్ పెట్టించుకుంటే కేంద్రం ఇచ్చే రాయితీ కూడా అందరికీ ఒక్కటే. అయినా ఒకే వీధిలో ఒక ఇంటికి పెట్టిన డబ్బు మూడున్నరేళ్ళలో తిరిగొస్తుంది, పక్కింటికి ఆరేళ్ళు పడుతుంది, ఎదురింటికి ఎన్నేళ్ళకూ రాదు. ఈ తేడా అంతా కరెంటు బిల్లు వెనకున్న ధరల పట్టికలోంచి పుడుతోంది. సోలార్ మంచిదా కాదా అన్న చర్చ మన దగ్గర ఎక్కువగా రెండు విషయాల చుట్టూ తిరుగుతుంది: పర్యావరణానికి ఎంత మేలు, సబ్సిడీ ఎంత వస్తుంది. రెండూ అవసరమైనవే. కానీ ఒక కుటుంబం అప్పు చేసో, దాచుకున్నది తీసో మేడ మీద పలకలు బిగించుకోవాలా వద్దా అన్నది తేల్చేది మూడో విషయం, ఆ ఇల్లు వాడే చివరి యూనిట్ ఏ శ్లాబులో పడుతోందన్నది. రాయితీ మొదటి ఖర్చును తగ్గిస్తుంది. ఆ తర్వాత పాతికేళ్ళ పాటు నెలనెలా లాభమో నష్టమో చెప్పేది మాత్రం టారిఫే. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగకుండా ఉండడం వల్ల కొందరు అవసరానికి మించిన ప్లాంటు పెట్టించుకుంటున్నారు, కొందరు అసలు ఆ ఊసే ఎత్తడం లేదు. హైదరాబాద్ ఆగ్నేయ శివారు ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని ఈ సమస్యను మొత్తంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ధరల పట్టిక సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన తెలంగాణ గృహ టారిఫ్‌నే ఇక్కడ లెక్కలకు ఆధారంగా తీసుకుంటున్నాను. విద్యుత్ నియంత్రణ మండలి ఇళ్ళను మూడు వర్గాలుగా విడదీసింది. నెలకు 100 యూనిట్లు మించని ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తర్వాతి 50 రూ.3.10 చొప్పున పడతాయి. 100 దాటి 200 లోపు వాడితే మొదటి వంద రూ.3.40, రెండో వంద రూ.4.80. 200 దాటితే మొదటి 200 యూనిట్లూ రూ.5.10 చొప్పున, అక్కణ్ణించి 300 దాకా రూ.7.70, 400 దాకా రూ.9, 800 దాకా రూ.9.50, ఆపైన రూ.10. ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. గీత దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే ఎక్కువ ధర పడుతుందని అనుకుంటాం. ఇక్కడ ఇల్లు వర్గం మారిపోతుంది కనుక వెనకటి యూనిట్లకు కూడా కొత్త ధరే పడుతుంది. 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ రూ.820. 201 యూనిట్లకు రూ.1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండువందల ఏడు రూపాయలు పైచిలుకు. 100 దగ్గర కూడా ఇలాంటి మెట్టే ఉంది: వంద యూనిట్లకు రూ.252.50 అయితే నూట ఒకటికి రూ.344.80. స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం వీటికి అదనం. సోలార్ పెట్టినా అవి పూర్తిగా పోవు కాబట్టి ఈ వ్యాసంలోని పోలికలన్నీ ఎనర్జీ చార్జీ మీదే చేస్తున్నాను.

ఇప్పుడు మేడ మీద తయారయ్యే కరెంటును ఈ పట్టిక పక్కన పెట్టి చూద్దాం. హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాట్ ప్లాంటు ఏడాది సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తుంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటి బిల్లు రూ.1,790. ఆ ఇల్లు ఒక కిలోవాట్ పెట్టించుకుంటే నికర వాడకం 180కి దిగుతుంది, బిల్లు రూ.724 అవుతుంది. నెలకు రూ.1,066 మిగులు. ఆ 120 యూనిట్లు ఒక్కొక్కటి దాదాపు రూ.8.90 విలువ చేశాయన్నమాట. పట్టికలో 201 నుంచి 300 దాకా ఉన్న ధర రూ.7.70 మాత్రమే. అంతకంటే ఎక్కువ విలువ రావడానికి కారణం, 200 గీత కిందికి దిగినందుకు వెనకటి యూనిట్లన్నీ కూడా చవకైపోవడం. అదే ఇల్లు రెండో కిలోవాట్ కూడా పెట్టిస్తే వాడకం 60కి, బిల్లు రూ.128.50కి తగ్గుతుంది. అదనంగా మిగిలేది నెలకు రూ.595 మాత్రమే, యూనిట్ విలువ అయిదు రూపాయల లోపు. మూడో కిలోవాట్‌తో మిగిలేది ఆ రూ.128.50, దానితో పాటు కరెంటు పంపిణీ సంస్థ డిస్కంకు ఇచ్చే 60 యూనిట్ల మిగులు. పలక అదే, ఎండ అదే, బిగించడానికయ్యే ఖర్చు కూడా దాదాపు అదే. మొదటి కిలోవాట్ విలువ మాత్రం రెండోదానికి రెట్టింపుకు కొంచెం తక్కువ, మూడోదానికి రెట్టింపుకు పైనే. ఈ వాదానికంతటికీ మూలం ఇదే. తెలంగాణ టారిఫ్ కింద సోలార్‌కు ఒకే విలువంటూ లేదు. ప్లాంటు సైజు పెరిగే కొద్దీ ఆ విలువ తగ్గుతూ పోతుంది.

ఇక రాయితీ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకానికి కేంద్రం రూ.75,021 కోట్లు కేటాయించి, కోటి ఇళ్ళను లక్ష్యంగా పెట్టుకుంది. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు రూ.30,000, మూడో కిలోవాటుకు రూ.18,000, అంటే మూడు కిలోవాట్లకూ ఆపైకీ కలిపి గరిష్ఠంగా రూ.78,000. అంతకు ముందు కొంతకాలం ఈ రాయితీ కిలోవాటుకు రూ.14,588 ఉండేది, దాంతో పోలిస్తే ఇది పెద్ద పెంపే. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం కూడా కలిసొచ్చింది. చిన్న ప్లాంటుకు ఎక్కువ, పెద్ద ప్లాంటుకు తక్కువ అన్న క్రమం కూడా సరైనదే. కానీ ప్రచారంలో జనం చెవిన పడేది 78 వేలే. ఆ మొత్తం అందాలంటే మూడు కిలోవాట్లు పెట్టించాలి. కాబట్టి వచ్చినవాళ్ళందరికీ మూడు కిలోవాట్లే చెప్పడం అలవాటైపోయింది. లెక్క కోసం కిలోవాట్ ప్లాంటు రూ.75 వేలు, రెండు కిలోవాట్లు రూ.1,40,000, మూడు కిలోవాట్లు రూ.2,00,000 అనుకుందాం. రాయితీ పోగా చేతినుంచి పడేది వరసగా రూ.45 వేలు, రూ.80 వేలు, రూ.1,22,000. మన 300 యూనిట్ల ఇంటికి ఒక కిలోవాట్ పెట్టుబడి 42 నెలల్లో తిరిగొస్తుంది, మూడు కిలోవాట్లది, మిగులు యూనిట్ల డబ్బు లెక్కలోకి తీసుకోకపోతే, 68 నెలలు తీసుకుంటుంది. 400 యూనిట్లు వాడే ఇంటి సంగతి వేరు. దాని బిల్లు రూ.2,690, రెండు కిలోవాట్లతో అది రూ.628కి దిగుతుంది, నెలకు రెండువేల పైన మిగిలి 39 నెలల్లో అసలు వచ్చేస్తుంది. ప్రభుత్వం ఇచ్చే జీరో బిల్లు రాయితీ లేకుండా 200 యూనిట్లకు కట్టే ఇంటికి కిలోవాట్ ఖర్చు తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్ళు పడుతుంది. కాబట్టి బిల్లును సున్నా చేయడాన్ని గురిగా పెట్టుకోవడం కంటే 200 గీత కిందికి దిగడాన్ని గురిగా పెట్టుకున్న ఇంటికి డబ్బు త్వరగా తిరిగొస్తుంది.

నెలసరి సగటు పట్టుకుని ఇలా లెక్కవేయడం సరికాదని ఎవరైనా అనవచ్చు. నిజమే, మన ఇళ్ళలో వాడకం ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. ఒక పడగ్గదిలో ఏసీ ఉన్న ఇల్లు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో 450 యూనిట్ల దాకా వెళ్ళి, మిగతా తొమ్మిది నెలలు 210 దగ్గర ఉంటుందనుకుందాం. ఏడాది ఎనర్జీ చార్జీ రూ.19,368 అవుతుంది. ఒక కిలోవాట్ పెట్టిస్తే మిగిలేది ఏడాదికి దాదాపు రూ.11,200, అసలు నాలుగేళ్ళలో వస్తుంది. అందులో మూడింట రెండొంతులకు పైగా మిగులు వేసవిలోది కాదు, 210 యూనిట్ల మామూలు నెలల్లోది. ఎందుకంటే ఆ నెలల్లో ఇల్లు 200 గీతకు పది యూనిట్లు పైన నిలబడి ఉంది. 210 యూనిట్లకు రూ.1,097, 200కి రూ.820, ఆ పది యూనిట్ల ఖరీదు నెలకు రూ.277. అలాంటి ఇంటికి సోలార్ కంటే ముందు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. 75 వాట్ల పాత ఫ్యాను తీసేసి 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే రోజుకు 12 గంటల వాడకం మీద నెలకు 17 యూనిట్లు తగ్గుతాయి. ఆ ఒక్క ఫ్యానే ఇంటిని గీత కిందికి దించుతుంది. పలకలు అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు, చెప్పాల్సిన బాధ్యత బిల్లు ఇచ్చే సంస్థది. ప్రతి బిల్లు మీదా గీతకు ఎన్ని యూనిట్ల దూరంలో ఉన్నారో, దాటితే ఎంత పడుతుందో రెండు లైన్లలో ముద్రిస్తే చాలా కుటుంబాలకు మేలు జరుగుతుంది.

పగలు తయారై రాత్రి వాడుకునే కరెంటు లెక్క నెట్ మీటరు మీద ఆధారపడి ఉంటుంది. తెలంగాణలో దీనికి పునాది నియంత్రణ మండలి 2016లో తెచ్చిన 6వ నంబరు రెగ్యులేషన్. పగలు లైనులోకి పోయిన యూనిట్లను రాత్రి తీసుకున్న యూనిట్ల నుంచి మినహాయించి, మిగిలిన నికర వాడకానికే బిల్లు వేస్తారు. ఇందులో మేడ యజమాని కరెంటుకు దొరికేది చిల్లర ధర, అంటే తాను కట్టాల్సి వచ్చేదే. అది గృహ వినియోగదారుకు చాలా పెద్ద వెసులుబాటు. కానీ వాడకాన్ని మించి పోగుపడిన మిగులుకు ఆ ధర రాదు. లెక్క తేల్చినప్పుడు డిస్కం తాను సగటున కరెంటు కొనే ధరను బట్టి కడుతుంది. రూ.7.70నో రూ.9నో తప్పించే యూనిట్‌కూ మిగిలిపోయి అమ్ముడుపోయే యూనిట్‌కూ ఉన్న దూరం ఇక్కడ తెలుస్తుంది. మేడ మీద ఖాళీ ఉంది కదా అని నిండా పలకలు పరిచి కరెంటు అమ్ముకుని బతకవచ్చన్న ఆశ ఇళ్ళకు పనికిరాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదనీ, మంజూరు లోడు చాలకపోతే డిస్కమే పెంచాలనీ చెప్పింది. దానివల్ల దరఖాస్తు దశలో అడ్డంకులు తగ్గాయి. ధర దశలో ఉన్న అడ్డంకులు అలాగే ఉన్నాయి.

అలా మిగిలిన అడ్డంకుల్లో మొదటిది మన ఇళ్ళ నిర్మాణంలోనే ఉంది. మీర్‌పేట్ చుట్టుపక్కల కాలనీల్లో తరచుగా కనిపించేది వంద, నూటయాభై గజాల స్థలంలో కట్టిన రెండు మూడు అంతస్తుల ఇల్లు. కింద యజమాని, పైన అద్దెకున్నవాళ్ళు, ఆపైన పెంట్‌హౌస్, దాని పక్కన రెండు సింటెక్స్ ట్యాంకులు, బట్టలారేసే తీగలు, డిష్ యాంటెన్నా. మూడు కిలోవాట్లకు నీడ పడని చోటు సుమారు 300 చదరపు అడుగులు కావాలి. ఇన్నిటి మధ్య అంత చోటు దొరకడం కష్టం, దొరికినా మనిషి నడిచేంత ఎత్తులో ఇనుప చట్రం కట్టాలి, దాని ఖర్చు వేరు. చోటు సమస్య దాటినా మీటరు సమస్య మిగిలే ఉంటుంది. గోడ మీద మూడు మీటర్లుంటే సోలార్ కలిసేది ఒక్క మీటరుకే. ఆ మూడు మీటర్లు కూడా శ్లాబుల నీడలోనే పుట్టాయి: 600 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే రూ.4,590, మూడు మీటర్ల మీద రెండేసి వందలుగా పంచుకుంటే రూ.2,460. వేర్వేరు కుటుంబాలకు వేర్వేరు మీటర్లు ఉండడం న్యాయమే. కానీ ఆ పంపకం వల్ల ప్రతి మీటరూ 200 లోపే ఆగిపోయి, ఏ ఒక్కదానికీ సోలార్ గిట్టుబాటు కాని స్థితి వస్తుంది. యజమాని పెట్టుబడి పెడితే బిల్లు తగ్గేది అద్దెకున్నవాళ్ళకు. అద్దెకున్నవాళ్ళు పెట్టుబడి పెట్టరు, రేపు ఖాళీ చేసి పోయే ఇంటి మేడ మీద ఎందుకు పెడతారు? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఫ్లాట్లలోనూ ఇదే చిక్కు: మేడ అందరిదీ, మీటరు ఎవరిది వాళ్ళది. ఉమ్మడి లైట్లు, లిఫ్టు, బోరు మోటార్ల కోసం సంఘాలకు కిలోవాటుకు రూ.18,000 రాయితీ ఉంది. ఒక ప్లాంటు నుంచి వచ్చిన యూనిట్లను వాటాల ప్రకారం చాలా మీటర్లకు పంచే వర్చువల్ నెట్ మీటరింగ్ ఉంటేనే ఫ్లాట్లకూ అద్దె ఇళ్ళకూ దారి తెరుచుకుంటుంది. ఢిల్లీ 2019లోనే దానికి మార్గదర్శకాలు తెచ్చింది.

రెండో అడ్డంకి గృహజ్యోతి. 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడే కుటుంబాలకు జీరో బిల్లు వస్తోంది. బీద ఇంటికి నెలకు కొన్ని వందలు మిగలడం చిన్న విషయం కాదు. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. కానీ సోలార్ కోణంలోంచి చూస్తే ఆ ఇంటికి మేడ మీద పలక విలువ సున్నా. తగ్గించడానికి బిల్లే లేనప్పుడు కేంద్రం ముప్ఫై వేలు ఇచ్చినా అరవై వేలు ఇచ్చినా అందుకునే కారణం ఉండదు. అలా సోలార్ రాయితీ అంతా ఇప్పటికే సొంత మేడ, ఏసీ, నాలుగు డబ్బులు ఉన్న ఇళ్ళవైపే పారుతోంది. ఇది తప్పించలేని సంగతి కాదు. నెలకు 200 యూనిట్లు వాడే జీరో బిల్లు ఇంటి తరఫున రాష్ట్రం భరించే ఎనర్జీ చార్జీ రూ.820, ఏడాదికి రూ.9,840. అదే ఇంటి మేడ మీద రెండు కిలోవాట్ల ప్లాంటు పెడితే ఏడాదికి 2,880 యూనిట్లు వస్తాయి, వాడకం 2,400 మాత్రమే. కేంద్ర రాయితీ పోగా మిగిలే రూ.80 వేలను రాష్ట్రమే ముందుగా పెట్టినా ఎనిమిదేళ్ళకు కొంచెం పైన ఆ డబ్బు తీరిపోతుంది, పలకలు పాతికేళ్ళు పనిచేస్తాయి. 150 యూనిట్లు వాడే ఇంటికి ఒక కిలోవాట్ లెక్క ఏడేళ్ళ చిల్లర. నెలకు వంద యూనిట్లు కూడా వాడని ఇంటికి మాత్రం ఈ బేరం గిట్టదు, తీరడానికి పదిహేనేళ్ళు పడుతుంది. కాబట్టి అందరికీ ఒకే మంత్రం వద్దు. సొంత మేడ ఉండి 150 నుంచి 200 మధ్య వాడే జీరో బిల్లు ఇళ్ళతో మొదలుపెడితే నెలనెలా ఖర్చైపోతున్న సబ్సిడీ ఒక ఆస్తిగా మారుతుంది. ఆ కుటుంబానికి ఇంకో రక్షణ కూడా దొరుకుతుంది: వేసవిలో 201 యూనిట్లు పడితే ఒక్కసారిగా వెయ్యి రూపాయలు దాటే బిల్లు భయం ఉండదు.

ఇతర రాష్ట్రాలు ఏం చేశాయో చూస్తే ఇది గాలిలో మేడ కాదని తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2022లో ఇళ్ళ వర్గాలను ఎత్తేసి, అందరికీ ఒకే మెట్లున్న పట్టిక పెట్టింది: 30 యూనిట్ల దాకా రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. గీత దాటితే దాటిన యూనిట్లకే పై ధర పడుతుంది. ఆ పట్టిక ప్రకారం విజయవాడలో 300 యూనిట్ల ఇంటికి ఒక కిలోవాట్ వల్ల మిగిలేది నెలకు దాదాపు రూ.926, మన దగ్గర రూ.1,066. అక్కడ విలువ నునుపుగా తగ్గుతుంది, ఇక్కడ మెట్టు మీద ఉన్న ఇంటికి ఎక్కువ, మెట్టు దిగిన ఇంటికి తక్కువ. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు ఉచితంగా రెండు కిలోవాట్ల ప్లాంట్లు, బీసీ కుటుంబాలకు కేంద్ర రాయితీ మీద అదనపు రాయితీ ఇచ్చే కార్యక్రమం తీసుకున్నారు. ఉచిత కరెంటు డబ్బును మేడ మీదికి మళ్ళించే ఆలోచన అందులో ఉంది. ఢిల్లీ ఇంకో దారి పట్టింది. అక్కడా 200 యూనిట్ల ఉచిత కరెంటు ఉంది; అయినా సోలార్ వైపు జనాన్ని రప్పించడానికి మూడు కిలోవాట్ల లోపు ఇళ్ళకు తయారైన ప్రతి యూనిట్‌కూ అయిదేళ్ళ పాటు రూ.3 చొప్పున ఇస్తామని తన సోలార్ విధానంలో రాసుకుంది. బిల్లు సున్నా అయిన ఇంటికి కూడా పలక పెట్టడానికి కారణం దొరికింది. ఉత్తరప్రదేశ్ కిలోవాటుకు రూ.15,000 చొప్పున రూ.30,000 దాకా తన వంతు కలిపింది. తెలంగాణలోనూ నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఊరి ఇళ్ళ మీద సోలార్ పెట్టారు. ఒక ఊరిని ప్రత్యేకంగా ఎంచుకుని చేయడం వేరు, టారిఫ్‌లోనూ రాయితీలోనూ నియమంగా పెట్టి మీర్‌పేట్ లాంటి ప్రతి బస్తీకీ అందేలా చేయడం వేరు. రెండోది జరగాలి.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం డిస్కంల వైపునుంచి వస్తుంది. యూనిట్‌కు తొమ్మిది, తొమ్మిదిన్నర కట్టే ఇళ్ళే తక్కువ శ్లాబుల నష్టాన్ని పూడ్చుతున్నాయి. వాళ్ళంతా మేడ మీదికి మళ్ళితే ఆ భారం ఎవరిమీద పడుతుంది? స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, తీగల ఖర్చు తగ్గదు, కట్టేవాళ్ళు తగ్గుతారు. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. కానీ రెండు సంగతులు తూచి చూడాలి. ఒకటి, తెలంగాణలో గరిష్ఠ డిమాండు వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, బోర్లు నడిచే పగటి వేళ. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. ఆ గంటల్లో మీర్‌పేట్ మేడ మీద తయారైన యూనిట్ దూరం నుంచి రావాల్సిన యూనిట్‌ను తప్పిస్తుంది, దారిలో పోయే నష్టాన్నీ తప్పిస్తుంది. పై శ్లాబు ఇంటి నుంచి డిస్కం పోగొట్టుకున్నట్టు కనిపించే తొమ్మిది రూపాయల్లో కొంత అలా తిరిగి దానికే చేరుతుంది. రెండు, జీరో బిల్లు ఇళ్ళ మేడలను వాడుకుంటే డిస్కంకు ఆదాయ నష్టం తక్కువ, ఎందుకంటే అక్కడ ప్రభుత్వం కడుతున్నది కింది శ్లాబుల ధరే. అంటే డిస్కంలు భయపడాల్సింది సోలార్‌ను చూసి కాదు, పై శ్లాబుల ఇళ్ళలోనే పెరిగి కింది శ్లాబుల ఇళ్ళకు చేరని సోలార్‌ను చూసి. ఇప్పటి రాయితీ, టారిఫ్ కలిసి సరిగ్గా ఆ రకాన్నే పెంచుతున్నాయి.

రెండో అభ్యంతరం, నియమాలు రేపు మారితే? ఇది ఊహ కాదు. అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టేవాళ్ళు లైనులోకి పంపే యూనిట్‌కు ఇచ్చే విలువను నాలుగింట మూడొంతుల దాకా తగ్గించేశారు. అక్కడి ఇళ్ళ సోలార్ మీద ఉన్న 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ కూడా 2025 చివరితో ముగిసింది. ఇక్కడ కూడా సూచనలున్నాయి. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో వ్యవసాయం మినహా మిగతా వినియోగదారులకు, స్మార్ట్ మీటర్లు పెట్టాక, ఎండ ఉండే గంటల్లో కరెంటు కనీసం 20 శాతం చవకగానూ సాయంత్రం ప్రియంగానూ ఉండాలన్నారు. పగటి యూనిట్ చవకైతే పగలు తయారుచేసే పలక విలువ కూడా తగ్గుతుంది. 300 యూనిట్లు దాటిన ఇళ్ళ స్థిర చార్జీని కిలోవాటుకు రూ.10 నుంచి రూ.50కి పెంచాలని డిస్కంలు అడిగితే 2024 అక్టోబరులో మండలి ఒప్పుకోలేదు. ఆ అడిగిన దిశ మాత్రం గుర్తుంచుకోదగ్గది, ఎందుకంటే స్థిర చార్జీని సోలార్ ఏమీ చేయలేదు. ఈ అనిశ్చితికి జవాబు సోలార్ మానుకోవడం కాదు. నలభై నెలల్లో అసలు తిరిగొచ్చే చిన్న ప్లాంటుకు నియమాలు మారినా పెద్ద దెబ్బ తగలదు. మిగులు అమ్ముకోవడం మీద ఆశపెట్టుకున్న పెద్ద ప్లాంటుకే దెబ్బ తగులుతుంది. సైజు విషయంలో పొదుపు పాటించినవాళ్ళు టారిఫ్ ఎటు మారినా నిలదొక్కుకుంటారు. ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది: ఈ రోజు పెట్టినవాళ్ళకు ఈ రోజు నియమమే కనీసం పదేళ్ళు వర్తిస్తుందని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

మూడో రకం అభ్యంతరాలు వాడకానికి సంబంధించినవి, వాటికి సూటిగా జవాబు చెప్పాలి. కరెంటు పోతే సోలార్ ఇల్లు వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. లైనుకు కలిపిన మామూలు ప్లాంటు కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసమే అలా అమర్చారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ప్లాంటు కావాలంటే ఖర్చు బాగా పెరుగుతుంది, రాయితీ పెరగదు. రోడ్డు పనులు, కొత్త కట్టడాలు నడిచే శివారు కాలనీల్లో దుమ్ము త్వరగా పేరుకుంటుంది. పలకలను కడగకపోతే తయారీ తగ్గుతుంది, ఎండాకాలం నీటి ట్యాంకర్ల మీద బతికే వీధుల్లో కడగడం కూడా ఒక ఖర్చే. పలకలకు పాతికేళ్ళ పనితీరు వారంటీ ఉంటుంది, ఇన్వర్టరుకు అంత ఉండదు. మధ్యలో ఒకసారి మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఇవేవీ పైన చెప్పిన లెక్కను తలకిందులు చేసేవి కావు. పై శ్లాబులో ఉన్న ఇంటికి ఇవన్నీ తీసేసినా లాభమే మిగులుతుంది. 200 లోపు కట్టే ఇంటికి మాత్రం ఆరేళ్ళు ఏడూ ఎనిమిదీ అవుతాయి. అంటే ఇక్కడ కూడా తేల్చేది శ్లాబే.

కాబట్టి మీర్‌పేట్‌లో మేడ ఉన్న కుటుంబం వెండరును పిలిచే ముందు పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకోవాలి. ఎన్ని నెలలు 200 దాటుతున్నారో, ఎంత దాటుతున్నారో చూసుకోవాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు 200కి కొంచెం పైన ఉంటే ముందు ఫ్యాన్లు, తర్వాత ఒక కిలోవాట్. మూడు, నాలుగు వందల మధ్య అయితే ఒకటి లేదా రెండు కిలోవాట్లు. నాలుగు వందలు దాటితే మూడు కిలోవాట్లు అర్థవంతం. ఎన్నడూ 200 దాటని ఇల్లు ఇప్పటి నియమాల కింద తొందరపడక్కర్లేదు. ఆ ఇల్లు తొందరపడే పరిస్థితి తేవడం నియంత్రణ మండలి, ప్రభుత్వం చేయాల్సిన పని. 100 దగ్గరా 200 దగ్గరా ఉన్న మెట్లను ఆంధ్రలోలాగా వాలుగా మార్చాలి. గృహజ్యోతి ఇళ్ళలో సోలార్ పెట్టుకున్నవాళ్ళకు అర్హత నికర యూనిట్ల మీదే చూస్తామని ఉత్తర్వులో రాయాలి, 150 నుంచి 200 మధ్య వాడే ఇళ్ళ మేడ మీద రాష్ట్రమే ముందు పెట్టుబడి పెట్టాలి. అద్దె ఇళ్ళకూ ఫ్లాట్లకూ యూనిట్లను పంచుకునే హక్కు ఇవ్వాలి. వీటిలో దేనికీ కొత్త సాంకేతికత అక్కర్లేదు, ఏడాదికోసారి మండలి టారిఫ్ మీద బహిరంగ విచారణ జరిపినప్పుడు అడగగలిగినవే అన్నీ. ఆ విచారణల్లో మాట్లాడేది ఎక్కువగా పరిశ్రమలు, రైతు సంఘాలు, కొద్దిమంది నిపుణులు. మీర్‌పేట్, ఎల్బీనగర్ కాలనీ సంక్షేమ సంఘాలు కూడా తమ ఇళ్ళ బిల్లులు చేత పట్టుకుని, లెక్కలు రాసుకుని అక్కడికి వెళ్ళాలి. రాయితీ ఢిల్లీలో ఖరారవుతుంది, మనం చేయగలిగింది తక్కువ. శ్లాబు మాత్రం హైదరాబాద్‌లోనే ఖరారవుతుంది, దాన్ని మార్చమని అడిగే హక్కు బిల్లు కట్టే ప్రతి ఇంటికీ ఉంది.